మిగిలిన మొదటి డిస్కు

గౌరవనీయులైన సుబ్బరత్నం గారికి,

మీరు భద్రపరచమని ఇచ్చిన మీ తండ్రి హనుమయ్య గారి బుర్రకథ డిస్కులు పదకొండింటిలో పదింటిని మా గ్రంథాలయం కమిటీ పాతసామాన్ల కింద అమ్మేసింది. గవర్నర్‌పేటలో పాతసామాన్ల కొట్లన్నీ వెతికాను, దొరకలేదు.

అవి చెడిపోలేదండీ. మా లినక్సు కంప్యూటర్లో సీడీ డ్రైవు వాడాలంటే మన పేరు అందుకు అనుమతించిన గ్రూపులో ఉండాలి. కేబులు మార్చి, డ్రైవు తుడిచి, చివరికి నా పేరు ఆ గ్రూపులో లేదని కనిపెట్టాను. చేర్పించమని కార్యదర్శి గారికి మూడుసార్లు రాసిచ్చాను. “చచ్చిన డిస్కులకు నాడి చూస్తావేంటయ్యా!” అని నవ్వారు.

నా తప్పూ ఉంది. గ్రంథాలయం జాబితాలో మీ ప్రతి డిస్కు ఎదుటా “తెరుచుకోలేదు” అని రాసింది నేనే. నాకు అనుమతి లేదని రాయవలసింది. ఆ జాబితానే చూపించి వాటిని అమ్మారు.

తీరా అవి అమ్మేశాక, నిన్న నా పేరు ఆ గ్రూపులో చేర్చారు. పరీక్షకని నా సొరుగులో ఉంచుకున్న మొదటి డిస్కు పెట్టగానే పలికింది. చివర్లో మీ నాన్నగారు “మిగతా కథ రేపు చెప్పుకుందాం” అన్నారు.

ఆ ఒక్కటీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దయచేసి దీన్ని మళ్ళీ మాకివ్వకండి.

ఇట్లు,
ఆ జాబితా రాసినవాడు