చీకటి గదిలో చంద్రుడి రేణువులు

జూలై 3
రెండు రేణువులు వచ్చాయి. చంద్రుడి నేల లోపలి నుంచి తవ్వి తెచ్చినవి. ఆవగింజంత కూడా లేవు. ఎన్ని లక్షల ఏళ్లుగా వెలుతురు చూడలేదో... వేడి చేస్తే లోపల దాచుకున్న శక్తినంతా సన్నటి కాంతిగా ఒక్కసారి బయటపెడతాయి. కంటికి ఆనదు, కంప్యూటర్ తెర మీద గీతగా వస్తుంది. ముందే వెలుతురు తగిలిందా, అంతా గల్లంతు. అందుకే కాలేజీ ల్యాబులో ఈ చీకటి గది, ఎర్ర బల్బు, నేను.

జూలై 6
ఇవాళ నోరు తెరిచి మాట్లాడింది కూరగాయలామెతో మాత్రమే. అదీ బెండకాయలు ముదిరాయని తగువు.

జూలై 9
కాలేజీ ఊడ్చే రూతమ్మ, టేకులపల్లి నుంచి బస్సులో వస్తుంది, నా గది ముందు ఆగింది. "గిట్ల చీకట్ల కూసుంటరేంది మేడం? పానం మంచిగ లేదా?" బాగానే ఉంది అన్నా. నమ్మలేదు. ప్రార్థనలో నా పేరు చెబుతుందట. నవ్వొచ్చింది. ఇంటికి వచ్చాక ఏడుపొచ్చింది.

జూలై 11
మొదటి రేణువు పోయింది.
పళ్లెంలో పెడుతున్నా — తలుపు తెరుచుకుంది. గది నిండా పట్టపగలు. రూతమ్మ, చేతిలో టీ గ్లాసు. "ఎంత పిలిచినా పలకకపోతిరి... పడిపోయిండ్రేమో అనుకున్న." మిషన్ చప్పుడులో నాకు వినపడలేదు. అరిచాను. "నీకేం తెల్సు" అన్నాను. ఇంకా ఏమేమో. రాయను. గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

జూలై 12
కొలిచి చూశా. దేనికీ పనికిరాదు. రేణువులు పంపిన సార్‌కి ఫోన్ చేశా. "ఇంకోటి ఉంది కదా, జాగ్రత్త." అంతే, పెట్టేశారు.
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే... అమ్మ ఊరికే అనేది కాదు.

జూలై 14
వరండా అంతా చీపురు చప్పుడు. నా గది ముందు మాత్రం లేదు. బయటికి వెళ్లి నేనే అడిగా, "టీ తాగినవా రూతమ్మా?" "అవ్ మేడం." తలెత్తలేదు.

జూలై 16
రెండోది వేడి చేశా. తలుపుకు లోపల గొళ్లెం, దాని మీద నల్లగుడ్డ. గీత లేచింది, నిలిచింది, మెల్లగా దిగింది. ఇంత చక్కటి గీత నేనెప్పుడూ చూడలేదు. నిమిషంలో అయిపోయింది. చూసింది నేనొక్కదాన్నే. సార్ ఫోన్ ఎత్తలేదు. తలుపు తీసి బయటికి వచ్చా, ఎవరికైనా చెబుదామని. టేకులపల్లి బస్సు వెళ్లిపోయింది.

జూలై 17
గదిలో పనేమీ లేదు. అయినా వచ్చి కూర్చున్నా. ఈ ముక్క రాస్తుంటే అడుగుల చప్పుడు... తలుపు దాకా వచ్చి ఆగింది. పిలవదు. వెళ్లదు. పెన్ను పక్కన పెట్టి, తలుపు తీయడానికి లేస్తున్నా —