కారులో వేసిన పచ్చలైట్లు

తిరుపతి,
19-5-2002.

చిరంజీవి అలివేలుకు నాయన ఆశీర్వదించి రాసేది.

ఈడ నేనూ మీ అమ్మా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తా ఉండా. ఒంటికి క్షేమమే. మనసు సంగతి కిందికి పోయేకొద్దీ నీకే తెలస్తాది. ఆడ నువ్వూ, అల్లుడూ, వంశీ చల్లగా ఉండాల. ఈ జాబును మాత్రం మధ్యలో లేచి పొయ్యి కాడికి పోకుండా ఒక్కచోట కూర్చొని చదువు. ఫోన్ చేద్దామని రెండుసార్లు ఎస్టీడీ బూత్ దాకా పోయినా. నంబరు తిప్పలేక వెనక్కొచ్చినా.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. అలిపిరి మెట్లెక్కి కొండకొస్తానని మొక్కుకున్నాక తగ్గిందంట. ఆ మెట్లెక్కితే మళ్ళీ వస్తాది, అప్పుడేం మొక్కుకుంటాదో సూడాల. గంగజాతరకు మీరు రాలేదని అలిగింది గానీ, పెరట్లో మిరపకాయలు పండినాయి, పండుమిరప తొక్కు నూరి నీకో జాడీ పంపిస్తానంటా ఉంది. కారెట్లుండాదని అడిగినావు. ఆ కారు సంగతే చెప్పబోతా ఉండా.

మన అంబాసిడర్ మీటరు లైటు గుడ్డిదీపమని నీకు తెలుసు కదా. టాక్సీ స్టాండులో వయసోళ్ళంతా కొత్త బండ్లు తెచ్చి, మీటర్లకు నీలం లైట్లు, పైకప్పుకు రంగు దీపాలు పెట్టుకొని తిప్పతా ఉండారు. యాత్రికులు నా బండి కాడికొచ్చి, లోపలికి తొంగిచూసి, పక్క బండికి పోతారు. మన బండికి మొదట్నించీ కరెంటు పని చేసే ఏకాంబరం, నా కాడికి తోలుకరా అన్నా, ఒక పూటలో చేసిస్తానన్నాడు. నేను వింటానా. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంటికాడే చేసుకుంటానని చెప్పి, గాజు మీద బొమ్మలకు వేసే రంగులు చిన్న సీసాలు నాలుగు తెచ్చుకున్నా. సీసాల మీద పేర్లు లేవు. మూత తీస్తే రంగు కనపడదా అనుకున్నా.

పోయిన మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టినా. మీటరు పలక ఊడదీసి, వెనకుండే బల్బులు ఒక్కొక్కటే పీకి, రంగులో ముంచి, దారం కట్టి బట్టల తీగకు ఎండేసినా. పైకప్పు లైటు మూతకు లోపలపక్క రెండుసార్లు పూసినా. అన్నీ ఒకే రంగు, పచ్చ. కంటికి చల్లగా ఉంటాదని. మధ్యాన్నానికి అంతా బిగించేసి, ఎండలో లైటు కనపడదు కాబట్టి అద్దాలకు దుప్పట్లు కప్పి, మీ అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టి స్విచ్చి వేసినా.

మీ అమ్మ ఆ లైట్లనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ఎట్లుండాదే అంటే, "బాగుండాది" అని గమ్మున దిగి ఇంట్లోకి పోయింది. ఆమె నోట్లోనించి ఒక్కమాటతో జవాబు రావడం నేనెప్పుడూ ఎరగను.

సాయంత్రం ఏకాంబరం వచ్చినాడు. లోపలికి తల పెట్టి చూసినోడు అట్లే నిలబడిపోయినాడు.

"అన్నా, ఇదేంది, అంతా ఎర్రగా చేసి పెట్టినావు? ఆయిల్ తగ్గితే వెలిగే ఎర్రలైటు దీంట్లో యాడ కనపడతాది?"

"ఎరుపేందిరా? పచ్చ."

"సూడన్నా, నాతోనా ఎగతాళి? నిలువునా ఎరుపు."

వానికి పని ఇవ్వలేదని కడుపుమంట అనుకున్నా. ఇద్దరం వాకిట్లోనే అరుచుకున్నాము. ముప్పై ఏండ్ల స్నేహం, నోటికొచ్చిన మాటంతా అనేసినా. అప్పుడు మీ అమ్మ లోపలినించి ఒక చేటలో మిరపకాయలు తెచ్చింది. పచ్చివీ పండువీ కలిపి ఉండాయి. నా ముందర పెట్టి, "పండువి ఏరు" అనింది.

ఇదేం పరీక్షే అని ఏరబోయినా. పట్టుకుంటే మెత్తగా ఉండేవి పండువి, గట్టిగా ఉండేవి పచ్చివి, ఎవరికి తెలీదు? నా చెయ్యి పట్టుకొని ఆపేసింది. "తాకొద్దు. వేలితో చూపించు, చాలు" అనింది.

అలివేలూ, నేను చూపించలేకపోయినా. ఒకటి చూపించినా, ఏకాంబరం మొగం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకోటి చూపించినా, మీ అమ్మ కండ్లు తుడుచుకునింది. చేటలో అన్నీ ఒకే మాదిరి ఉండాయమ్మా. ఇన్నేండ్లుగా నేను కాయలను వేళ్ళతో ఏరతా ఉండానని, కండ్లతో కాదని, ఆ నిమిషం దాకా నాకే తెలీదు. ఏకాంబరం నన్ను పట్టుకొని అరుగు మీద కూర్చోబెట్టినాడు. లోకమంతా అట్లే ఏరతారని అనుకున్నా.

సిగ్నల్ కాడ పైదీపం వెలిగితే ఆగాల, కిందిది వెలిగితే పోవాల. నేనట్లే నేర్చుకున్నా. అందరూ అట్లే చూస్తారనుకున్నా. మీ అమ్మ పక్కన కూర్చున్నప్పుడంతా "ఆగు", "ఇంక పో" అంటా ఉంటే, నాకు బండి తోలడం నేర్పిస్తావా అని కసిరేవాణ్ణి. ఆ పొద్దు అడిగినా, నీకు ఎప్పట్నించి తెలుసే అని. "నా సీమంతానికి పచ్చగాజులు తెమ్మంటే ఎర్రగాజులు తెచ్చినావే, అప్పట్నించి" అనింది. నువ్వు ఆమె కడుపులో ఉండావు అప్పుడు. నేను చూడకుండా అంగడికి పోయి మార్చుకొచ్చిందంట. మరి చెప్పలేదేమే అంటే, "చెప్తే స్టీరింగ్ మీద నీ చెయ్యి నిలస్తాదా?" అనింది. నేను కిరాయికి పోయి తిరిగొచ్చేదాకా ఆమె వాకిట్లోనే ఎందుకు కూర్చునేదో నాకు ఇప్పుడు తెలిసింది.

మర్నాడు ఏకాంబరమే నన్ను కంటి డాక్టరమ్మ కాడికి తీసుకపోయినాడు. ముందురోజు నేనన్న మాటలు ఒక్కటీ మనసులో పెట్టుకోలా. ఆమె ఒక చుక్కల పుస్తకం తీసింది. చుక్కల్లో అంకె ఉండాదంట, చదవమనింది. ఏకాంబరానికి ఇరవైతొమ్మిది కనపడింది. నాకు చుక్కలే కనపడినాయి. ఈ రంగుల లోపం పుట్టుకతోనే వచ్చింది, మందు లేదు, ముదరదు, చూపు పోదు, కానీ ఇంక కిరాయి బండి తోలొద్దు అనింది. నేను సరే అని లేచినా. తలుపు దాకా పోయినాక ఆమె మామూలుగా ఒక మాట అడిగింది.

"మీకు ఆడబిడ్డలు ఉన్నారా? వాళ్ళకు మగపిల్లలు ఉన్నారా?"

ఇది తండ్రికుంటే కూతురికి బయటపడదంట. కూతురి కడుపున పుట్టే మగబిడ్డకు రావచ్చంట, సగానికి సగం. ఆ మాట వినగానే నా జేబులో ఉండే నీ పోయిన జాబు నిప్పు మాదిరి తగిలింది. ఆ తలుపు కాడే దాన్ని తీసి మళ్ళీ చదివినా. ఎందుకు చదివినానో ఎవరికీ చెప్పలా. ఇప్పుడు నీకు చెప్తా ఉండా.

నువ్వు రాసినావు కదా, వంశీ చిలకకు ఇటికరంగు పూసినాడని, టీచరు బెంచీ ఎక్కించిందని, పిల్లోళ్ళంతా నవ్వినారని. "పచ్చే వేసినానమ్మా" అని మళ్ళీ అబద్ధమాడినందుకు అల్లుడు బెల్టు తీసినాడని. మాట వినని పిల్లోణ్ణి జూన్‌లో హాస్టల్లో వేసేస్తామని. సాక్ష్యానికి ఆ బొమ్మ కూడా పెట్టి పంపించి, నువ్వేమంటావు నాయనా అని అడిగినావు. నేను రాసి పంపించిన జవాబు నీ కాడే ఉండాది. ఇంకో నాలుగు తగిలించి హాస్టల్లో వెయ్యండి, ఇప్పుడు వంచకపోతే మానైనాక వంగదు అని రాసినా.

ఇప్పుడు నిజం విను. ఆ బొమ్మను నేను చూసినా. ఒకసారి కాదు, నాలుగుసార్లు తిప్పి తిప్పి చూసినా. నాకు దాంట్లో తప్పేమీ కనపడలా. చిలక చిలక మాదిరే ఉండాది. ఏంది వీళ్ళు కొట్టేది అని లోపల అనుకున్నా. మీ అమ్మకు చూపించి అడిగుంటే ఆ పొద్దే తేలిపోయేది. అడగలా. కూతురూ అల్లుడూ చదువుకున్నోళ్ళు, తప్పుంటాదిలే, నాకు కనపడలేదంటే చులకనవుతానని, బొమ్మను జేబులో పెట్టుకొని, కొట్టమని రాసినా. ఎనిమిదేండ్ల బిడ్డ నిజం చెప్తే, వాని మాట తెలిసే ఒక్క మనిషిని నేను, కొట్టమని రాసినా. నా చెయ్యి విరిగిపోయినా బాగుండు.

హాస్టల్ మాట ఇంక ఎత్తొద్దు. వాణ్ణి ముందు కంటి డాక్టరు కాడికి తీసుకపో. ఆ కాగితం తీసుకపోయి టీచరుకు చూపించు. రంగు పెన్సిళ్ళ మీద పేర్లు రాసిన చీటీలు అంటించు, మీ అమ్మ నా రంగు సీసాలకు నిన్న అంటించింది. అల్లుడి కాడ నేనే మాట్లాడతా. వచ్చే ఆదివారం వస్తా ఉండా, బస్సులో. బండి తాళం మీ అమ్మ కొంగుకు కట్టుకునింది. ఏకాంబరం ఆ బల్బులన్నీ తీసి మామూలువి వేసిపోయినాడు. నాకైతే తేడా ఏమీ కనపడలా.

బొమ్మను తిరిగి పంపించడం లేదు, నా కాడే పెట్టుకుంటా. నేనొచ్చేదాకా ఆగకుండా, ఈ జాబు మడిచిపెట్టినాక వాణ్ణి పిలిచి ఒక్కమాట చెప్పు. తాత బొమ్మ చూసినాడంట, చిలక పచ్చగానే ఉండాదంట అని.

ఇట్లు,
వంశీకి క్షమాపణ బాకీపడిన తాత,
నీ నాయన
గంగాధరం