కుడి వైపు నుంచి చూసింది

బొల్లారం,
1948 ఆగస్టు 21.

నాయనా దేవానందం,

నీ ఉత్తరం చేరింది. తేదీ వేయలేదు. అందులో రాసిన భయాలు ఎప్పటివో నాకెలా తెలియాలి? నా దగ్గర చదువుకున్నవాడివి, ఇకముందు తేదీ వెయ్యి.

సలోమిని వెంటనే బెజవాడ పంపమన్నావు. నీ కూతుర్ని నేను కట్టిపెట్టుకోలేదు. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆగుతాయో తెలియడం లేదు. ఎక్కినవాళ్లను దించి సోదా చేస్తున్నారట. ఇరవై ఏళ్ల పిల్లను ఎవరిని నమ్మి ఎక్కించను? దారులు తెరుచుకున్న రోజునే పంపుతాను. ఇది నా మాట. ఈ ఉత్తరం కూడా తపాలాలో వేయడం లేదు, తెలిసిన గార్డు చేతికిచ్చి పంపుతున్నాను.

పిల్ల కార్ఖానాలో టైపు కొడుతోందని నీ భార్య అందరికీ చెబుతోందట. అది టైపు పని కాదు. సికింద్రాబాదు స్టేషను దగ్గర పంపులు బాగుచేసే కార్ఖానాలో నక్షాలు గీయడం నేర్చుకుంటోంది. విరిగిన ఇనుప ముక్క వస్తే దాన్ని కొలిచి, ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీయాలి. వడ్రంగి భద్రయ్య ఆ కాగితం చూసి చెక్కతో అచ్చు చేస్తాడు. అచ్చులో ఇనుము పోస్తారు. కాగితంలో తప్పుంటే ఇనుములోనూ తప్పే.

నేర్పేది జమాలుద్దీన్. అల్వాల్ మనిషి, నక్షాల గదికి పెద్ద. మొదట్లో సలోమి చేత బొమ్మలు గీయించనే లేదు, గీతలే గీయించాడు. లావు గీత, సన్న గీత, చుక్కల గీత. కంటికి కనబడేది నిండు గీత. చాటున ఉన్నది చుక్కల గీత. పిల్ల విసుక్కుంటే, "పెన్సిలు చెక్కుడు రానోళ్లకు గీత రాదు బిడ్డా, అన్నం వండుడు రానోళ్లు బిర్యానీ అడిగినట్టు" అన్నాడట. ఆ మాటతో ఆయన మంచి మాస్టరని తెలుసుకున్నాను.

నిజం చెప్పాలంటే మొదట అనుమానపడ్డాను. ఇప్పుడున్న రోజుల్లో మన ఆడపిల్ల పరాయి మగవాడి పక్కన కూర్చుని పనిచేయడమేమిటని. కాని సాయంత్రం బండిలో ఆయన అల్వాల్‌లో దిగడం మానేశాడు. బొల్లారం దాకా వచ్చి, మన సందు మొదట్లో నిలబడి, పిల్ల లోపలికి వచ్చి గడియ పెట్టుకున్నాకే వెనక్కు నడిచిపోతున్నాడు. వీధిలో ఖాకీ చొక్కాల రజాకార్లు కత్తులు పట్టుకుని తిరుగుతున్నారు. ఆయన పక్కనుంటే ఎవరూ పలకరించడం లేదు. ఒక రోజు లోపలికి పిలిచి టీ ఇచ్చాను. నిలబడే తాగాడు.

నాకు భయం లేదని అనుకోకు. కుక్క మొరిగినా లేచి కూర్చుంటున్నాను. పిల్లకు మాత్రం ఆ సంగతి తెలియనివ్వను.

నీ తల్లి,
దీనమ్మ


బొల్లారం,
1948 సెప్టెంబరు 30.

దేవానందం,

మిలిటరీ వచ్చింది, యుద్ధం అయిపోయింది, ఇంకా పిల్లను ఎందుకు పంపలేదని అడుగుతున్నావు. చెప్పవలసింది ఉంది. కూర్చుని చదువు. నీ భార్యకు చదివి వినిపించాలో లేదో నువ్వే ఆలోచించుకో.

నిజాం లొంగిపోయాడని తెలిసిన సాయంత్రం మన వీధిలో దీపాలు పెట్టారు. అల్వాల్‌లో చాలా ఇళ్లలో దీపమే వెలగలేదట. ఆ మర్నాటి నుంచి జమాలుద్దీన్ టోపీ తీసి సంచిలో పెట్టుకుని బండెక్కుతున్నాడు. సలోమి ఆయన పక్కనే కూర్చుని అందరికీ వినబడేటట్టు తెలుగులో మాట్లాడుతూ వచ్చేది. అల్వాల్‌లో తానూ దిగి, ఆయన్ను ఇంటి దాకా దిగబెట్టి, అక్కడి నుంచి నడిచి వచ్చేది. నేను కోప్పడ్డాను. "నెల కింద ఆయన చేసినప్పుడు నువ్వు టీ ఇచ్చావు కదా నాయనమ్మా" అంది.

ఆ వారంలోనే బొల్లారం మిలిటరీ క్యాంపు నీళ్ల పంపు నుంచి పగిలిన మూత ఒకటి కార్ఖానాకు వచ్చింది. కొత్తది త్వరగా పోసివ్వమన్నారు. దాని కుడి గోడకు ఒక రంధ్రం ఉంది, గొట్టం బిగించేది. ముందు నుంచి చూస్తే కనబడదు. సలోమి ముందు వైపు బొమ్మ గీసి, కుడి నుంచి చూసిన బొమ్మను దానికి కుడి పక్కన పెట్టింది. నీకూ నాకూ అది సబబుగానే తోస్తుంది. కాని ఆ కార్ఖానా పద్ధతి వేరు. అక్కడ కుడి నుంచి చూసింది ఎడమ పక్కన గీయాలి. పిల్లకు ఆ పద్ధతి తెలుసు. అయితే అంతకుముందు రోజు విదేశీ మిషనుతో వచ్చిన పుస్తకం చూసి బొమ్మలు దించింది, అందులో తిరగేసి ఉంటుందట. చేతికి అదే వచ్చేసింది. భద్రయ్య అలవాటు ప్రకారం కుడి పక్క బొమ్మను ఎడమ నుంచి చూసినట్టు చదివాడు. రంధ్రం ఎడమ గోడకు పడింది.

తప్పు పట్టుకోవలసినవాడు జమాలుద్దీన్. ప్రతి కాగితం కింద గీసినవారి సంతకం ఒకటి, సరిచూసినవారి సంతకం ఒకటి ఉండాలి. నేర్చుకునేవాళ్ల సంతకం చెల్లదు కనుక రెండు చోట్లా ఆయన పేరే ఉంటుంది. ఆ రోజు ఆయన తమ్ముడి ఊళ్లో ఇళ్లు తగలబెట్టారని ఎవరో కబురు తెచ్చారు. కాగితం చూడకుండానే సంతకం పెట్టాడట.

మూత బిగలేదు. క్యాంపులో నీళ్లు ఆగిపోయాయి. కావాలనే చెడగొట్టారన్నారు. సంతకం చూసి, ఆ పేరు చదివి, ఆయన్ను జీపులో ఎక్కించుకుపోయారు. గీసింది పిల్ల అని ఆయన చెప్పలేదట. సలోమి లేవబోతే ఫోర్‌మన్ రిచర్డ్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు, నోరు విప్పితే నిన్నూ తీసుకుపోతారని.

ఇంటికొచ్చి పిల్ల అంతా చెప్పింది. రేపే క్యాంపుకు వెళ్లి ఒప్పుకుంటానంది. నేను వద్దన్నాను, దేవానందం. క్యాంపు వైపు కదిలితే నా మీద ఒట్టన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు సత్యం చెప్పమని నేర్పిన నోటితో అన్నాను. ఆ పిల్లను సైనికుల గుడారంలో ఊహించుకోలేకపోయాను. అది నాతో మాట్లాడటం మానేసింది. తెల్లవారితే పనికి వెళ్తుంది, వస్తుంది. బండి దొరికితే వచ్చే వారమే పంపేస్తాను. నువ్వు స్టేషనుకు రా.

నీ తల్లి,
దీనమ్మ


బొల్లారం,
1948 అక్టోబరు 11.

నాయనా దేవానందం,

స్టేషనులో ఎదురుచూసి ఉంటావు. క్షమించు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ నెల మూడున, ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి జమాలుద్దీన్ భార్య రహమత్‌బీ మన గుమ్మంలో కూర్చుని ఉంది. వెలుగుండగానే ఇల్లు చేరాలని తొందరపడుతోంది. "టీచరమ్మా, మీకు ఇంగ్లీషు వస్తది. మా ఆయన మంచోడని ఓ అర్జీ రాసియ్యిండ్రి. ఆయనేం జేసిండో నాకు ఎరుకలేదు. చెయ్యలేదని మాత్రం ఎరుక" అంది.

కాగితం తీసుకుని కూర్చున్నాను. ఈయన నిర్దోషి అని రాశాను. ఆ తర్వాతి వాక్యం రాలేదు. మరి దోషం ఎవరిది అని ఏ అధికారైనా అడుగుతాడు. ఆమె నా చేతినే చూస్తోంది. నేర్పరిగా అబద్ధం రాయడం నాకు చేతకాలేదు. అర్జీ వద్దు, రేపు మేమే క్యాంపుకు వెళ్తామన్నాను. లోపలికి వెళ్లి సలోమికి చెబితే అది తలుపు వెనక నుంచి ఒక మూట తీసి చూపించింది. స్కేలు, మూలమట్టాలు, పెన్సిళ్లు. నా ఒట్టు కాదని తెల్లవారగానే వెళ్లడానికి సిద్ధపడి ఉంది. తిట్టలేదు. నేనూ వస్తున్నానన్నాను.

క్యాంపు గేటు దగ్గర నాకు భయం పట్టుకుంది. పిల్ల చూడకూడదని గొడుగు గట్టిగా నేలకు ఆనించి నడిచాను. ఆఫీసరు చిన్నవాడు, మద్రాసు వైపు మనిషి. నేను ఇంగ్లీషులో చెప్పాను, గీసింది ఈ పిల్ల, తప్పు ఈ పిల్లది, జమాలుద్దీన్ సంతకం మాత్రమే పెట్టాడని. ఆఫీసరు నమ్మలేదు. ఆ మనిషిని తప్పించడానికి ఆడపిల్లను తెచ్చారా అని అడిగాడు. సలోమికి ఇంగ్లీషు కొంచెం అర్థమవుతుంది. పగిలిన మూత తెప్పించమని నాతో చెప్పించింది.

బల్ల మీద పెట్టారు. చుట్టూ సైనికులు. అది మూట విప్పి, కొలిచి, గీయడం మొదలుపెట్టింది. మొదటి గీతకు పెన్సిలు ముల్లు విరిగింది. చెక్కుకుంది. మళ్లీ విరిగింది. మళ్లీ చెక్కుకుంది. నేను అంతసేపూ దాని చేతి వైపు చూడలేక బల్ల కాళ్లు చూస్తూ నిలబడ్డాను. గీశాక ఆఫీసరు జమాలుద్దీన్‌ను తీసుకురమ్మన్నాడు.

గడ్డం మాసిపోయి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. మా వైపు చూడనే లేదు, చూస్తే మాకేమవుతుందో అని కాబోలు. కాగితం సరిగా ఉంటే సంతకం పెట్టమను, ఇంటికి పోవచ్చు అని ఆఫీసరు నాతో అన్నాడు. తెలుగులో చెప్పాను. ఆయన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. సంతకం పెడతాడనుకుని నేను అప్పటికే గొడుగు చేతికి తీసుకున్నాను.

"టీచరమ్మా, దొరకు చెప్పుండ్రి. ఇది గిట్ల నడవది. పక్క బొమ్మ జాగాల్నే ఉన్నది. గని ముంగట బొమ్మల గోడకున్న సూరాకుకు చుక్కల గీత లేదు. చాటుకున్నది చూపియ్యకపోతే మళ్ల గదే గలత్ అయితది. నేను దస్కతు చెయ్య."

నీకొక్కడికే రాస్తున్నాను. ఆ క్షణాన ఆయన మాటను మార్చి చెబుదామనుకున్నాను. అంతా సరిగానే ఉందంటున్నాడని చెబితే ఆ ఆఫీసరుకు ఏం తెలుస్తుంది? సలోమి నా ముఖమే చూస్తోంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. చెప్పాక ఇక అయిపోయిందనుకున్నాను.

ఆఫీసరు కాగితం లాక్కుని చూశాడు. పాత కాగితం తెప్పించి పక్కన పెట్టుకుని చూశాడు. దాంట్లోనూ ఆ గీత లేదు. ఉండి ఉంటే భద్రయ్య రంధ్రం ఏ వైపో పోల్చుకునేవాడే. "పని చెడగొట్టేవాడైతే ఈ తప్పు కాగితం మీద ఇందాకే సంతకం పెట్టి ఉండేవాడు" అన్నాడు, మాతో కాదు, పక్కనున్న సుబేదారుతో. సలోమి చుక్కల గీత వేసింది. జమాలుద్దీన్ మళ్లీ మొదటి నుంచి చూసి, అప్పుడు సంతకం పెట్టాడు. సాయంత్రానికి వదిలారు.

ముగ్గురం అల్వాల్ దాకా నడిచాం. ఆయన మా ఇద్దరి మధ్య నడిచాడు. దారిలో అన్నది ఒకటే మాట, "ముల్లు బాగ చెక్కినవ్ బిడ్డా" అని. ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టాడు. తీయలేదు. లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తూనే ఉంది, ఊపిరి బిగబట్టి ఉంది. తన పేరు చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. వీధి అటూ ఇటూ చూసి మూసుకున్నాడు. తన గడపలో నిలబడి తన పేరు చెప్పుకోలేకపోయాడు. అప్పుడు నేను బడిలో పిలిచినంత గట్టిగా పిలిచాను.

"రహమత్‌బీ, నేను దీనమ్మను. మీ ఆయన జమాలుద్దీన్ వచ్చాడు. తలుపు తియ్యి."

వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఈ తలుపూ తెరుచుకుంది.

ఆయన ఇంకా కార్ఖానాకు రావడం లేదు. బండెక్కలేనంటున్నాడు. పిల్ల గీసిన కాగితాలు రోజూ నేను అల్వాల్ తీసుకెళ్తున్నాను. తప్పుల చోట ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి ఇస్తున్నాడు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నాకు భయంగానే ఉంటుంది. పని పూర్తిగా నేర్చుకునేదాకా సలోమి బెజవాడ రాదు. దాన్ని నేనే ఆపాను. నా మాట తప్పాను కనుక నీకు కోపం రావడం న్యాయమే. తిట్టదలిస్తే తిట్టు, తేదీ వేసి తిట్టు.

నీ తల్లి,
దీనమ్మ