గోడవైపు తిరిగిన ముఖం

బావా,

"అత్తయ్య చెవిలో నిజం నేను వేస్తాలేరా, ఆవిడ సంగతి నాకొదిలెయ్" అన్నావు. లంచం కేసులో నన్ను పోలీసు ఉద్యోగంలోంచి తీసేసినట్టు నాటకమాడి, దొంగసరుకు ముఠాలోకి వేగుగా పంపిన రోజది. పై అధికారివి, పైగా ఇంటి అల్లుడివి. నమ్మాను.

అమ్మ ఆస్పత్రిలో ఉందని తెలిసి ముఠా నాయకుడే నన్ను వెంటబెట్టుకొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ కలలాగే కదులుతుంది. కిటికీ తెర గాలికి ఉబ్బుతుంటే అమ్మ మంచం నీళ్లమీద తేలుతున్నట్టనిపించింది.

"పెద్దమ్మా, నీ కొడుకు నాకు కుడిభుజం. వాడి గురించి బెంగ పెట్టుకోకు" అన్నాడతను, ఎంతో మర్యాదగా.

అమ్మ నావంక ఒక్కసారి చూసి గోడవైపు తిరిగిపోయింది.

నేను మురిసిపోయాను బావా! అన్నీ తెలిసీ నాకోసం ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ ముఖం మాత్రం చదవలేకపోయాను. వారానికి అమ్మ పోయింది. "నీ దిగులుతోనే పోయింది, దొంగవెధవా!" అంటూ అక్క నా మొహానే తలుపు వేసినప్పుడు తెలిసింది, నువ్వు చెప్పనేలేదని.

"ఆవిడ నోరు జారుతుందని భయపడ్డాన్రా" అన్నావప్పుడు. నలభయ్యేళ్లు పోయాక ఇప్పుడేమో, "నేను చెప్పాను, అత్తయ్యే కొడుకుని నమ్మలేదు" అంటున్నావట అక్కతో.

ఈ ఉత్తరం అక్కకి నువ్వే చదివి వినిపించు. ఈ ఒక్క ముక్క దగ్గర గొంతు తగ్గించకు: అమ్మ నన్ను నమ్మకపోవడం కాదు, నమ్మే వీలు లేకుండా చేసింది నువ్వు, బావా.