గుండు జరిగిన చోటు

ఆగస్టు 19
నేను చెబుతున్నా, కోడలు రమ రాస్తోంది. నాకు అక్షరం రాదు. నోరుంది.
వాగు తగ్గింది. మన పొలానికీ మా మరిది కొడుకు లింగయ్య పొలానికీ హద్దుగా ఉన్న పెద్ద రాతి గుండు దాని చోట లేదు. కింద మట్టి కోసుకుపోయి, ఒడ్డు వెంట జారి, మన మడిలో పడింది. నేను కాపురానికి వచ్చిన నాడు దాని కింద కోడిపిల్ల కూడా దూరేది కాదు. తర్వాత్తర్వాత మేకలు దూరాయి. ఏటేటా వాగు నాకుతూనే ఉంది...

ఆగస్టు 20
ఆ గుండే మాకు మైసమ్మ. బొట్టంతా బురద. అమ్మవారిని అట్లా వదిలేస్తామా? పడ్డ చోటనే కడిగాను. సున్నం, పసుపు, కుంకుమ. బోనం పెట్టాను.

ఆగస్టు 24
లింగయ్య వచ్చాడు.
"మైసమ్మ ఏడుంటే హద్దు ఆడనే గద పెద్దమ్మా. బోనం పెట్టి నువ్వే ఒప్పుకుంటివి."
"నీ నోట్ల మన్ను వడ! వాగు జరిపితే హద్దు జరుగుతదారా?"
"జరిపింది వాగే. మొక్కింది నువ్వు."
నేను మడిలోకి చెయ్యి చూపాను. 
పాత చోటికీ కొత్త చోటికీ నడుమ మా ఆయన సమాధి.
"దండం వెట్టుకో పో, ఎవడొద్దన్నడు?" అని పోయాడు.

ఆగస్టు 25
ఏడుపు రాలేదు. తిన్నా. పడుకున్నా.

ఆగస్టు 29
సూర్యాపేట నుంచి సర్వేయర్ వచ్చి పాత పటం విప్పాడు. "పాత నక్షల 'గుండు' అనే ఉందమ్మా. అది ఏడుంటే ఆడికెల్లే కొలవాలె."
"రేపు గుండు పోయి కృష్ణల పడితే కృష్ణ దాకా కొలుస్తవా సారూ?"
అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. సోమవారం వచ్చి కొలుస్తానన్నాడు.

ఆదివారం
నాట్లయ్యాయి, ఏటా పెట్టే మైసమ్మ బోనం. "పాత చోటనే పెడదాం అత్తమ్మా" అంది రమ. అక్కడ గుంత, నీళ్లు. వండలేదు.
లింగయ్య పెళ్లాం కొత్త చోట పెట్టింది. డప్పు వినబడింది.

సోమవారం
వాన. సర్వేయర్ రాలేదు.
పోయి చూశాను. వాగు గుండు కింద మళ్లీ కోస్తోంది. ఈసారి వెనక్కి, పాత చోటి వైపు ఒరిగింది. పడితే అంత మేర మడి మళ్లీ మనదే. పడేది మాత్రం సమాధి మీద.
"పోదాం దా అత్తమ్మా, తడుస్తున్నవ్..."
గుండు మీద చెయ్యి పెట్టాను. తోయలేదు. మొక్కలేదు. చేతి కింద గుండు సన్నగా కదులుతోంది —