బావగారి నిప్పు లెక్క

బావగారికి,

ఎలుకల కొలువు నుంచి మీ బావమరిది నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా ఎలుకలూ కులాసా. మా పరిశోధనశాలలో ఏం వెలగబెడుతున్నానని అడిగారు కదా. తిన్న తిండిని ఒళ్లు ఎలా ఖర్చు పెడుతుందో చూస్తాం. దాన్ని జీవక్రియ అంటారు. లాండ్రీలో బాయిలర్లు కాసిన మీకైతే, కడుపులో బాయిలర్ అంటే సరిపోతుంది. కొన్ని ఎలుకలకు తిండి కాస్త తగ్గించాం. కడుపునిండా తినేవాటికంటే అవే ఎక్కువ కాలం బతుకుతున్నాయి. మంట నెమ్మదిస్తే ఆయుష్షు పెరుగుతుందేమోనని మా పెద్దసారు అనుమానం.

ఉంటాను,
మీ బావమరిది

తా.క.: అక్కకు చెప్పకండి. నోరులేని జీవాల్ని పస్తులు పెడుతున్నానని నాకు తలంటుతుంది.

* * *

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరంతో నా కళ్లు తెరుచుకున్నాయి. ఎలుకలకు తెలిసింది నాకు తెలియకపోవడమేమిటి? ఆ రోజు నుంచే నేనూ మంట తగ్గించాను. పళ్లెంలో సగమే తింటున్నాను. మేడమెట్లు ఎక్కడం మానేశాను. మాటలు కూడా దండగని తల ఊపి ఊరుకుంటున్నాను. మధ్యాహ్నమంతా కిటికీ పక్క కుర్చీలో కదలకుండా కూర్చుంటే, పక్కింటి దర్జీ వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లాడు.

ఒక్క సందేహం. ఎక్కువ తిన్న ఎలుకలు ఎంత తొందరగా పోతాయి? వివరంగా రాయి.

ఇట్లు,
నెమ్మదిగా మండుతున్న మీ బావ

తా.క.: నేను వదిలేసిన సగం మీ అక్క పళ్లెంలో వేస్తున్నాను.

* * *

బావగారికి,

నమస్కారం పెట్టడానికి చేతులు రావడం లేదు. ఎక్కువ తింటే ఎప్పుడు పోతారని అడిగి, మిగిలిందంతా మా అక్కకు పెడతారా? అసలు మీ ఉద్దేశం ఏమిటి?

ఎలుక సంగతి మనిషికి అచ్చంగా అతకదు. పిచ్చుకను చూడండి. దాని ఒంట్లో మంట ఎలుక కంటే జోరు. అయినా ఎలుక కంటే ఎక్కువేళ్లు బతకగలదు. బాయిలర్ తనను తాను బాగుచేసుకోలేదు, ఒళ్లు చేసుకుంటుంది. దానికి తిండీ కావాలి, కదలికా కావాలి. ముందు ఆ కుర్చీలోంచి లేవండి.

మీ బావమరిది

తా.క.: అక్క బరువెంతో వెంటనే రాయండి.

* * *

బావమరిదికి,

ఆశీస్సులు సగమే పంపుతున్నాను, పొదుపుగా. తూకం ఎక్కమంటే మీ అక్క నన్నే తినేసేలా చూసింది. పిచ్చుక మాట బాగుంది. జోరుగా మండేవాళ్లు కదలాలన్నమాట! అందుకని మీ అక్కకు మేడ మీదికీ కిందికీ పనులు పురమాయిస్తున్నాను. నాకు మాత్రం రాత్రిపూట తను ఇచ్చే చప్పటి సూపు చాలు. కూరగాయలు ఉడికిన ఉత్త నీళ్లేనట.

మీ బావ

తా.క.: ఇంత తక్కువ తింటున్నా బెల్టు బిగుతవుతోంది. మీ అక్కేమో చలాకీగా మెట్లెక్కుతోంది. నీ సైన్సులో ఎక్కడో తేడా ఉంది.

* * *

బావగారూ,

ఇక ఓపిక లేదు. శనివారం బండికి వస్తున్నాను. అక్కను నాతో తీసుకుపోతాను.

బావమరిది

తా.క.: ఎలుకలకు వేరే మనిషిని కుదిర్చాను. మీ సంగతి నేనే చూస్తాను.

* * *

ఒరేయ్ పిచ్చివాడా,

నన్ను హంతకుణ్ణి చేశావు కదరా! సరే, విను. మా లాండ్రీలో రెండు బాయిలర్లు ఉండేవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఒక్కదాంతో పని నడిచేది కాదు. అందుకని పాతదానికి బొగ్గు తగ్గించి, కొత్తదానికి ఎక్కువేసి, రెండింటినీ సమంగా అరగదీశాను. చివరికి రెండింటినీ ఒకే రోజు చల్లార్చాం.

నేను మీ అక్క కంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను ముందు పోతే తను ఒంటరిదైపోతుంది. తను ముందు పోతే నేను ఒక్క పూట కూడా ఉండలేను. అందుకే నాది తగ్గించి, తనది పెంచి, ఇద్దరం ఒక్కసారే పోయేలా చూద్దామనుకున్నాను. తను నా పక్కన లేని ఇల్లు తలచుకుంటేనే భయం వేస్తుందిరా. తీసుకుపోతానని మాత్రం అనకు.

మీ బావ

తా.క.: తమ్ముడూ, నేను అక్కను. పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చి పంపితే చదవకుండా ఉంటానా? మీ బావ నా పళ్లెంలో వేసిన సగం ఒక్క ముద్ద కూడా నేను తినలేదు. మెత్తగా రుబ్బి ఆ ఉత్త నీళ్ల సూపులో కలిపి ఆయనకే తాగించాను. పైగా రుచిగా ఉంటుందని వెన్న కూడా వేశాను. బెల్టు బిగుతవదూ మరి!

నువ్వు తప్పకుండా రా. నన్ను తీసుకుపోవడానికి కాదు, ఈయన్ని కుర్చీలోంచి లేపడానికి ఇంకో చెయ్యి కావాలి. ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత మీ బావ దగ్గరికి వెళ్లి, ఒక్కసారే పోవడం నాకూ ఇష్టమే గానీ దానికి ఇప్పుడేం తొందర లేదన్నాను. ఆయన పళ్లెం ముందుకు లాక్కుని, మొత్తం తిన్నాడు.