నాగమ్మ ముఖం

తాండూరు,
ఆదివారం

బాల్‌రాజ్ అన్నా,

పూడూరు పెళ్ళికి నా బదులు మీరే వికారాబాద్ నుంచి వెళ్ళి ఫొటోలు తీయండి. ఒంట్లో బాగాలేదని వాళ్ళకు చెప్పాను. మీకు మాత్రం నిజం రాస్తున్నాను.

ఏడాదిగా పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్ల పనిని ఫోన్‌లో చూస్తున్నాను. చూసిన ప్రతిసారీ, మీ స్టూడియోలో నేర్చుకున్నదంతా ఎందుకూ పనికిరానిదనిపించేది. వాళ్ళెవరూ చుట్టాలను స్టేజీ మీద వరసగా నిలబెట్టరు. అందుకని ఆమధ్య కొడంగల్ పెళ్ళిలో నేనూ నిలబెట్టలేదు.

పెళ్ళికొడుకు నాయనమ్మ నాగమ్మ కొత్త చీర కట్టుకుని నా దగ్గరికొచ్చింది. "నాది గూడ ఒక ఫొటో దియ్యి కొడుకా" అంది. అక్షతలు పట్టుకున్న ఆమె చేతులను మాత్రమే ఫొటో తీశాను. వెలుతురు చక్కగా కుదిరింది.

నెల తిరక్కుండానే ఆమె పోయింది. దినాలకు ఫొటో కావాలని పెళ్ళికొడుకు సుశాంత్ వచ్చాడు. రెండు వేల ఫొటోలు వెతికాం. ఎక్కడ కనబడినా ఆమె వెనకాల మసకలోనే ఉంది. చివరికి చేతుల ఫొటో చూపించాను.

"మస్తుగున్నదన్నా. గని దీనికి దండ ఎట్లెయ్యాలె?" అన్నాడు.

ఆధార్ కార్డులోని ఫొటోనే పెద్దది చేసిచ్చాను. గళ్ళుగళ్ళుగా వచ్చింది కానీ, ముఖం ఆమెదే.

ఆ పెద్ద ఫొటోగ్రాఫర్లలా తీయడం నాకు ఎప్పటికీ రాదన్నా. మీలా తీయడమూ పోయింది. ఆధార్ సెంటర్లో ఎవరో ఆమెతో "ఇటు చూడమ్మా" అని ఉంటారు. నేను ఆ మాట కూడా అనలేదు.

మీ దగ్గర పని నేర్చుకున్న
తమ్ముడు